పోగుకు కరెంటు పట్టదు

పోగుకు కరెంటు పట్టదు. సూరత్‌లోని గోడాదరాలో ఈ సంగతిని ఎవరూ ఎవరికీ నేర్పరు. తెలంగాణ నుంచి వచ్చి సూరత్ మగ్గాలను నమ్ముకున్న కుటుంబాలలో పిల్లలు దీన్ని ఉగ్గుపాలతోనే తాగుతారు. పైగా ఇది వాళ్ల కళ్లముందు రోజూ రుజువయ్యే సత్యం. కొత్తరకం మగ్గంలో ఒక్కొక్క నిలువుపోగుకూ ఒక్కొక్క పలుచని ఉక్కురేకు వేలాడుతూ ఉంటుంది. పోగు బిగువుగా ఉన్నంతసేపూ రేకు పైనే నిలుస్తుంది. పోగు తెగిందా, రేకు జారి కిందనున్న కరెంటు పట్టీమీద పడుతుంది, మగ్గం ఆగుతుంది, నెత్తిన ఎర్రబత్తి వెలుగుతుంది. వేలకొద్దీ పోగులు పగలూ రాత్రీ ఆ పట్టీని ఒరుసుకుంటూ పోతున్నా, బత్తి వెలిగేది పోగు తెగినప్పుడే. కాబట్టి పోగుకు కరెంటు పట్టదు. పత్తికి పట్టదు, పట్టుకు పట్టదు, పాలిస్టరుకు పట్టదు. ఈ మూడింటికీ పట్టనిది లోకంలోని మిగతా పోగులన్నిటికీ పట్టదని ఎట్లా తేల్చారని అడిగినవాడు గోడాదరాలో ఇంతవరకు పుట్టలేదు.

కిందటి వారం మనం వినోదను ఇంటిముందు గల్లీలో రెండు కర్రల మధ్య నిలబెట్టి వచ్చాం. ఆమె భర్త మల్లేష్ రింగ్ రోడ్ బట్టల మార్కెట్లలో తాడుకు వేలాడుతూ అద్దాలు కడిగే మనిషి. ఆ తాడు ఒకనాడు కుదుపు తిని అతని కుడిభుజాన్ని కీలు తప్పించింది. మళ్లీ తాడెక్కితే పైకి వచ్చి తానే కోస్తానని వినోద చెప్పింది. ఆమె చెప్పిన తీరులో హాస్యం లేదు. అయితే అద్దాలు కడగడం తప్ప మల్లేష్‌కు వేరే పని రాదు. మగ్గం చప్పుడు పక్క గల్లీలో వినిపించినా అతనికి తల పోటెత్తుతుంది. ఈ చిక్కుకు విరుగుడుగా దొరికినదే నీళ్లకర్ర. నేలమీద నిలబడి, ఒకదానిలో ఒకటి ఇమిడిన గొట్టాలను పైకి సాగదీస్తే అది నాలుగో అంతస్తు దాకా పోతుంది. లోపలి పైపులో నీళ్లెక్కి కొసనున్న బ్రష్ మీద చిమ్ముతాయి. ఆ నీళ్లలోని ఉప్పులన్నీ ముందే తీసేస్తారు గనుక, గుడ్డ పెట్టకుండా వదిలేసినా అద్దం మరక లేకుండా ఆరుతుంది. ఇక తేలవలసింది ఒకటే: ఏ కర్ర?

కర్రలు తెచ్చినవాడు రాంప్రసాద్. ఊరి వరసకు మల్లేష్‌కు తమ్ముడు. మొదట చీరలు అమ్మాడు, తర్వాత నీళ్ల ఫిల్టర్లు అమ్మాడు, ఆ ఫిల్టర్ల వెంట నడిచి ఈ కర్రల్లోకి వచ్చాడు. ఏది అమ్మినా అది విమానాల్లో వాడే సరుకేనని చెప్పడం అతని అలవాటు. చీరలు అమ్మే రోజుల్లోనూ అదే చెప్పేవాడు.

ఆ ఉదయం గల్లీలో రెండు కర్రలకూ పరీక్ష జరిగింది. ముందు పసుపుపచ్చది ఎత్తారు. అది గాజునారతో చేసింది. సగం దాకా బుద్ధిగానే పోయింది. పూర్తిగా సాగదీసేసరికి చేప పడ్డ గాలంలా ఊగడం మొదలుపెట్టింది. మల్లేష్ కిటికీని చూపిస్తే అది పక్కమేడను చూసింది, పక్కమేడ మీద ఆరబెట్టిన అప్పడాలను సమూలంగా తడిపింది. దింపేటప్పటికి మల్లేష్ కుడిభుజం పట్టుకుని గోడకు ఆనుకున్నాడు. తర్వాత నల్లది ఎత్తారు. అది కార్బన్ పోగుతో చేసిందట. బరువు సగం కూడా లేదు. కొస దాకా సాగినా నిటారుగా నిలిచింది. మల్లేష్ ఎడమచేత్తోనే నడిపించి, ఎదురింటి కిటికీని కడిగి, వినోద వైపు చూసి నవ్వాడు. పెళ్లి ఫోటోలో కూడా అతను అట్లా నవ్వలేదు.

ఆ నవ్వుకే వినోద సరే అనవలసింది. అనలేకపోయింది. నల్లకర్ర పైకి పోతూ గల్లీలో అడ్డదిడ్డంగా వేలాడే కరెంటు తీగలకు జానెడు దూరంలో ఆగిందని ఆమె ఒక్కతే చూసింది. అడిగితే రాంప్రసాద్ జాలిగా నవ్వాడు. ఇది ఇనుము కాదు, పోగు. మగ్గపోళ్ల ఇంటి కోడలివి, నీకు తెలియదా అన్నాడు. గల్లీ అంతా నవ్వింది.

ఆ నవ్వు సద్దుమణగకముందే మల్లేష్ నల్లకర్రను టెంపోలో వేసుకుని సూరత్ దగ్గరి కిమ్ ఊరికి బయలుదేరాడు. అక్కడొక ఫ్యాక్టరీ ముందుభాగం అంతా అద్దమే. ఈ రోజు కడిగి చూపిస్తే, నచ్చితే ఏడాది పొడుగునా పని ఇస్తానని సేఠ్ మాట ఇచ్చాడు. ఆ పని దొరికితే తాడు అటకెక్కుతుంది. దొరకకపోతే మల్లేష్ మళ్లీ తాడెక్కుతాడు. వెనకే మోటర్‌సైకిల్ మీద వస్తానని రాంప్రసాద్ చెప్పాడు గానీ, వినోద అత్త ఎల్లవ్వ చాయ్ పెడుతున్నానని లోపలినుంచి కేకేసింది. చాయ్‌ని కాదన్న చరిత్ర రాంప్రసాద్‌కు లేదు.

అప్పడాల ఇంటికి వెళ్లి క్షమాపణ చెప్పి, గంటసేపు చీవాట్లు తిని వినోద తిరిగి వచ్చేసరికి ఇంట్లోంచి నల్లటి పొగ వస్తోంది.

పొయ్యి దగ్గర ఆమె మామ సోమలింగం పట్టకారుతో ఏదో పట్టుకుని నిలబడ్డాడు. చాయ్‌గిన్నె నేలమీద ఉంది. దాని పక్కనే రాంప్రసాద్ చెయ్యి అడ్డం పెట్టుకుని దగ్గుతున్నాడు. అత్త ఎల్లవ్వ కొంగుతో పొగను కిటికీ వైపు తోలుతోంది. ఆ కొంగు అంచున ఒక చిన్న కాలిన గుర్తు ఉంది. ఆ ఇంట్లో ప్రతి చీరకూ ఆ గుర్తు ఉంటుంది.

దాని కథ చెప్పాలి. మనుషుల్లో ఎవరు నిజం, ఎవరు నకిలీ అన్నది సోమలింగం జీవితమంతా మగ్గం మీద గడిపి కూడా తేల్చుకోలేకపోయాడు. బట్ట విషయంలో మాత్రం ఆయనకు అనుమానమే లేదు. అంచున ఒక పోగు లాగి అగ్గిపుల్ల ముట్టిస్తాడు. పత్తి అయితే కాగితంలా కాలి బూడిద అవుతుంది, పట్టు అయితే వెంట్రుకలు కాలిన వాసన వేస్తుంది, పాలిస్టరు అయితే కరిగి పూసలా ముడుచుకుంటుంది. పెట్టిన చీరైనా, కట్టిన చీరైనా, చుట్టాలు పంపిన శాలువైనా ఈ అగ్నిపరీక్ష దాటకుండా ఆ ఇంటి బీరువా చేరలేదు. ఒకసారి ఎవరో స్వామీజీ హిమాలయాల్లో జపించిన పట్టుదారమని ఆయన ముంజేతికి ఒక తాయెత్తు కట్టి వెళ్లాడు. సోమలింగం భక్తితో దండం పెట్టి, స్వామీజీ గడప దాటగానే కొస ముట్టించాడు. పూస కట్టింది. హిమాలయాలనుంచి వచ్చిందన్న ఆ దారం ఇక్కడికి నాలుగు వీధుల అవతల పుట్టిందని ఆయన ఆ రోజంతా సంతోషంగా అందరికీ చెప్పాడు.

ఇవాళ వంతు కర్రది. పట్టి చూసుకొమ్మని రాంప్రసాద్ ఇచ్చిన నల్లకర్ర ముక్క ఒకటి ఇంట్లో మిగిలింది. అగ్గిపుల్ల దాన్ని ఏమీ చేయలేకపోయింది. అందుకని సోమలింగం చాయ్ దింపి, దాన్ని పొయ్యి ఎక్కించాడు.

“ఏంది మామా ఇది?” అని వినోద ముక్కు మూసుకుని అడిగింది.

“పరీచ్చ,” అన్నాడు సోమలింగం, తల తిప్పకుండా.

“చాయ్ దించి కట్టెను కూసోబెట్టిండు,” అంది ఎల్లవ్వ. “రేపు నేను సస్తె గూడ గీ మనిషి ముందుగాల అగ్గిపుల్ల ముట్టిచ్చి సూస్తడు, అసలుదేనా అని.”

సోమలింగానికి ఆ మాట వినబడలేదు. జీవితంలో మొదటిసారి మంట ఆయనకు జవాబు చెప్పలేదు. కర్ర మీది పూత బుడగలెత్తి, కంపు కొట్టి కాలిపోయింది. దాని కింద నల్లటి పోగులు బయటపడ్డాయి. అవి మంటలో ఎర్రబడతాయి, బయటికి తీస్తే మళ్లీ నల్లబడతాయి. అంతే. బూడిద కాలేదు. పూస కట్టలేదు. వెంట్రుకల వాసన లేదు. ఆయన ముఖం చిన్నబోయింది. ముక్కను నీళ్లలో ముంచి, తుడిచి, కిటికీ వెలుతురుకు తెచ్చి, కళ్లజోడు నుదుటిమీదికి తోసి, గోటితో ఒక పోగును మెల్లగా ఎత్తాడు. దాని కింద ఇంకొకటి అడ్డంగా పోతోంది. ఆయన పెదవులు కదిలాయి. రెండు పైకి, రెండు కిందికి; మళ్లీ రెండు పైకి, రెండు కిందికి. ఏటవాలు నేత.

“ఇది కట్టె కాదు బిడ్డా,” అన్నాడు. “బట్ట. బట్టకు గంజి పెట్టినట్టు ఏదో బంక పెట్టి గొట్టం జేసిండ్రు. ఎవడో మగ్గపోడే నేసిండు దీన్ని.”

కొడుకు మగ్గం వదిలేసి అద్దాల పనికి పోయినందుకు సోమలింగం కొన్నేళ్లుగా లోలోపల నొచ్చుకుంటూ వచ్చాడు. ఆ అద్దాలు కడిగే కర్ర సైతం మగ్గం మీదే పుట్టిందని తెలిసేసరికి, ఆయనకు కొడుకు ఇంటికి తిరిగివచ్చినట్టే అనిపించింది. నేను పొద్దటినుంచి ఆ మాటే మొత్తుకుంటున్నానని రాంప్రసాద్ అందుకున్నాడు. విమానాల సంగతి మళ్లీ ఎత్తబోయాడు. అంతలో సోమలింగం ఫోన్ మోగింది. మల్లేష్. ఆయన అందరికీ వినబడేట్టు పెట్టాడు.

“బాపూ, కిమ్‌కు అచ్చిన. ఇక్కడ అద్దాల ముంగట్నే పెద్ద వైర్లు పోతున్నయి. వాచ్‌మన్ జర ఆగుమంటున్నడు. నల్లకర్ర లేపాల్నా, వద్దా?”

“నేను ఇప్పుడే కాలవెట్టి సూసిన,” అన్నాడు సోమలింగం, న్యాయమూర్తి తీర్పు చదివినంత నిదానంగా. “పోగే బిడ్డా. పక్కా. పోగుకు కరెంటు పట్టదు. ఫికర్ జెయ్యకు, లేపు.”

“సరే బాపు. పైపులు జోడించాలె ఇగ. నీళ్లు పడ్తయి, ఫోన్ సంచిల ఏస్తున్న.”

వినోద నోరు తెరిచి ‘ఆగు’ అనేలోగా ఫోన్ ఆగిపోయింది. ఆమె తన ఫోన్ తీసి చేసింది. మోగింది, మోగింది, ఆగింది. సంచిలో ఫోన్ ఎవరు వింటారు?

సేఠ్ నంబరు రాంప్రసాద్ దగ్గర ఉంది. వెంటనే చేసి పని ఆపించమంది వినోద. రాంప్రసాద్ చాయ్‌గిన్నె వైపు ఒకసారి, ఆమె వైపు ఒకసారి చూశాడు. ఏమని చెప్పాలని అడిగాడు. మా కర్రకు కరెంటు పడుతుందేమోనని మా వదినెకు అనుమానమొచ్చిందని చెబితే, సేఠ్ ఆ కర్రనూ మనిషినీ కలిపి గేటు బయట పెడతాడు; ఆ తర్వాత సూరత్‌లో ఎవరూ గేటు తెరవరు. అదంతా నిజమేనని వినోదకు తెలుసు. ఉత్త అనుమానంతో పని చెడగొడితే మల్లేష్‌ను మళ్లీ తాడెక్కించేది తానే అవుతుంది. ఉత్త అనుమానం కాకపోతే?

“పోగుకు కరెంటు పట్టదని మీరు చూసిన్రు,” అంది ఆమె. “గీ పోగుకు పట్టదని ఎవరు చూసిన్రు?”

“అన్ని పోగులు ఒక్కటే కదా వదినె,” అన్నాడు రాంప్రసాద్.

“ఒక్కటే అయితే గిది బూడిద ఎందుకు కాలె?”

రాంప్రసాద్ మళ్లీ విమానాల సంగతి ఎత్తాడు. వినోద విడిచిపెట్టలేదు. కార్బన్ అంటే ఏమిటని అడిగింది. బొగ్గు వంటిదేనని అతను ఒప్పుకున్నాడు. చిన్నప్పుడు పాడైన టార్చిలైటు సెల్లును రాయితో పగలగొడితే లోపల నల్లటి పుల్ల ఒకటి దొరికేది; దానితో గోడలమీద గీతలు గీసి తల్లితో తన్నులు తిన్నది ఆమెకు గుర్తుంది. ఆ నల్లపుల్ల కూడా బొగ్గేనని ఎవరో చెప్పారు. కరెంటు పట్టని పుల్లను తెచ్చి కరెంటు పుట్టే సెల్లు నడిమధ్య ఎందుకు పెడతారు?

సోమలింగం కళ్లజోడు సర్దుకున్నాడు. ఆయన కోపగొండి కాదు గానీ, ఒకే రోజు తన అగ్గిపుల్లా, తన మగ్గమూ రెండూ అనుమానానికి గురికావడం ఆయన సహించలేకపోయాడు.

“నా మాట మీద నమ్మకం లేదా బిడ్డా?”

“నీ మీద ఉన్నది మామా. కట్టె మీద లేదు.”

“అయితే నీ కండ్లకే సూపెడ్త,” అని ఆయన మంచం కిందినుంచి ఒక డబ్బా లాగాడు. పనిలోంచి విరమించిన నాడు ఆయనకు శాలువా కప్పారు. శాలువా పూస కట్టడంతో ఆయన దాన్ని పట్టించుకోలేదు. తన మగ్గం మీది ఎర్రబత్తిని మాత్రం అడిగి తెచ్చుకున్నాడు. ఇప్పుడు దాన్ని పాత స్కూటర్ బ్యాటరీకి కలిపి, రెండు తీగల కొసలు పట్టుకునే పనికి రాంప్రసాద్‌ను పెట్టాడు. కొసలు ఒకదానికొకటి తగిలించగానే బత్తి ఎర్రగా వెలిగింది. విడదీస్తే ఆరింది. ఇంతవరకు ఎవరికీ అభ్యంతరం లేదు.

రాంప్రసాద్ రెండు కొసలనూ కర్రముక్కకు ఆనించాడు. బత్తి వెలగలేదు. గట్టిగా అదిమాడు. వెలగలేదు. ముక్కను తిప్పి ఇటువైపు, అటువైపు చూపించాడు, బజారులో చీర మడత విప్పినట్టు. వెలగలేదు.

“సూసినవా?” అన్నాడు సోమలింగం. గెలిచినందుకు ఆయనకే కొంచెం జాలి కలిగింది. కోడలికి చాయ్ పొయ్యమని ఎల్లవ్వకు చెప్పాడు.

వినోద ఓడిపోయింది. ఓడినందుకు సంతోషించింది కూడా. ఈపాటికి మల్లేష్ పైపులు జోడించి ఉంటాడు. కర్ర గొట్టాలను ఒక్కొక్కటే సాగదీస్తూ ఉంటాడు. ఎడమచేత్తో కడుగుతాడు. సేఠ్ మెడ పైకెత్తి చూసి తల ఊపుతాడు. సాయంత్రం వచ్చి మల్లేష్ ఆ తాడును అటక మీద పెడతాడు. ఆమె దాదాపు చాయ్ గ్లాసు అందుకుంది.

అందుకోబోయి ఆగింది. రాంప్రసాద్ తీగలు ఆనించిన చోట కర్ర అద్దంలా నున్నగా మెరుస్తోంది.

“మామా, గక్కడ పోగు ఏది?”

“ఏంది?”

“పైన పూత ఉన్నది కదా. బంక. మీరు కరెంటు పెట్టింది పూతకు. పోగు దాని కింద ఉన్నది. చీర మీద ప్లాస్టిక్ కవరుంటె, కవరును కాలవెట్టి చీర అసలుదని చెప్తవా నువ్వు?”

సోమలింగం కర్రముక్కను తన చేతిలోకి తీసుకున్నాడు. తాను నమ్మే శాస్త్రంలోంచే వచ్చిన ప్రశ్న అది, కాదనడానికి వీల్లేదు. మళ్లీ చేస్తే పోయేదేముందని అనుకున్నాడు. ఇందాక తాను పొయ్యిమీద పాడుచేసిన కొసనుంచి, పూతంతా కాలిపోయి కుచ్చులా విడిపోయిన చోటినుంచి, ఒక నల్లటి పోగును గోళ్లతో లాగి తీశాడు. వేలెడు పొడుగుంది. జీవితమంతా పోగులు ముడివేసిన వేళ్లతో దాన్ని మగ్గం మీద పోగులా బిగువుగా పట్టుకున్నాడు. ఎక్కడా తెగలేదని వెలుతురుకు ఎత్తి చూశాడు. తెగలేదు. రాంప్రసాద్‌కు కళ్లతో సైగ చేశాడు.

రాంప్రసాద్ ఒక తీగను పోగుకు ఈ కొసన ఆనించాడు. రెండో తీగను ఆ కొసన ఆనించాడు.

ఎల్లవ్వ చేతిలో చాయ్ వడపోత అట్లాగే ఆగిపోయింది.

మొదట కదిలింది రాంప్రసాద్. తీగలు రెండూ పోగు మీంచి కదలకుండా ఒకచేతి వేళ్లతోనే పట్టుకుని, రెండో చేత్తో జేబు తడుముకుని, సేఠ్ నంబరు నొక్కి, ఫోన్‌ను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకున్నాడు. అటువైపు ఎవరితోనో మాట్లాడుతున్నారని గుజరాతీలో ఒక ఆడగొంతు మర్యాదగా చెప్పింది. వినోద మల్లేష్ నంబరుకు మళ్లీ చేసింది. కిమ్‌లో, తీగల కింద, గోడవారన పెట్టిన సంచిలో అది మళ్లీ మోగడం మొదలుపెట్టింది.

సోమలింగం మాత్రం కదలలేదు. ఆయన చూపు వేళ్ల మధ్య ఉన్న పోగు మీదనే ఉంది. ఎక్కడో తెగి ఉండాలి. తెగకుండా ఎట్లా? ఈ కొసనుంచి ఆ కొస దాకా చూశాడు, ఆ కొసనుంచి ఈ కొస దాకా చూశాడు.

పోగు తెగలేదు. బత్తి వెలుగుతోంది.